ఊపిరి ఒకరిది, సంతకం ఒకరిది

తెలుగులో గాజు అన్న మాటకు రెండర్థాలున్నాయి. కిటికీ అద్దంగానో, సీసాగానో, దీపపు చిమ్నీగానో మారే పదార్థం గాజే. ఆడవాళ్ళు చేతికి తొడుక్కునే ఆభరణమూ గాజే. పదార్థానికీ వస్తువుకూ ఒకే పేరు పెట్టిన మన భాష, ఆ పదార్థాన్ని ఆ వస్తువుగా మార్చిన మనిషిని మాత్రం పలుకుబడిలోకి రానివ్వలేదు. గాజులమ్మే వాణ్ణి మనం ఎరుగుదుం. మలారం భుజాన వేసుకుని ఊళ్ళోకి వచ్చేవాడు గనుక పాటల్లోనూ కథల్లోనూ అతనికి చోటు దొరికింది. కొలిమి ముందు కూచున్నవాడికి అంత చోటు దొరకలేదు.

ఈ ఆలోచన నాకు ఊరకే వచ్చింది కాదు. పోయిన సంవత్సరం మా కళాశాలలో గాజుకళను గురించిన ఒక చిత్రం విద్యార్థులకు చూపించాం. అందులో ఒంటికంటికి నల్లపట్టీ కట్టుకున్న అమెరికన్ కళాకారుడు అటూ ఇటూ నడుస్తూ, రంగులతో బొమ్మలు గీసి చూపుతూ, కేకలు వేస్తూ ఉంటాడు. చుట్టూ పదిమంది యువతీ యువకులు చెమటలు కక్కుతూ నిప్పుముద్దలను గొట్టాల మీద తిప్పుతూ ఊదుతూ ఉంటారు. చిత్రం అయిపోయాక రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి లేచి, "చేసింది వాళ్ళయితే పేరు ఆయనదేమిటి మాస్టారూ?" అని అడిగింది. నాకు జవాబు సిద్ధంగానే ఉంది. శ్రమదోపిడి, వ్యక్తివాదం, కళామార్కెట్టు అంటూ పావుగంట మాట్లాడాను. అందరూ తలలూపారు. ఆ అమ్మాయి మాత్రం వెళ్ళబోతూ నా దగ్గర ఆగి, మెల్లగా, "మన పాటల పుస్తకం మీద కూడా మీ పేరొక్కటే ఉంది గదండీ" అన్నది.

అది నిజం. అంతకు రెండేళ్ళ క్రితం ఏడుగురు విద్యార్థులు సెలవుల్లో ఊళ్ళు తిరిగి నాట్ల పాటలూ తిరగలి పాటలూ సేకరించుకు వచ్చారు. నేను వాటిని వర్గీకరించాను, పాఠాలు సరిచూశాను, ముప్ఫై పేజీల పీఠిక రాశాను. అట్ట మీద "సంపాదకుడు" అన్న మాట కింద నా పేరు పడింది. పీఠిక చివర "సహకరించిన విద్యార్థులకు ఆశీస్సులు" అని ఒక వాక్యం ఉంది. ఏడు పేర్లకు బదులు ఏడు సున్నలు.

ఆ రోజు నేను చెప్పిన పావుగంట జవాబు తప్పు కాకపోవచ్చు. కాని అది నాకు వర్తించినప్పుడు నిలిచే జవాబు కాదని తెలిసింది. ఇతరుల దోషాన్ని విశ్లేషించడానికి మాత్రమే పనికివచ్చే సిద్ధాంతం సిద్ధాంతం కాదు, ఆయుధం మాత్రమే. కాబట్టి ప్రశ్నను మళ్ళీ మొదటినుంచీ చూడాలి: పదిమంది చేతుల మీదుగా పుట్టిన కళాఖండం ఎవరిది?

ఆ చిత్రంలోని కళాకారుడు డేల్ చిహూలీ. 1941లో పుట్టాడు. 1976లో ఇంగ్లండులో జరిగిన కారు ప్రమాదంలో ఎడమకంటి చూపు పోయింది. ఒంటికంటివాడికి దూరాల అంచనా కష్టమవుతుంది. కాలుతున్న గాజు దగ్గర అది చిన్న లోపం కాదు. 1979లో భుజం కూడా దెబ్బతిన్న తరువాత ఆయన ఊదుగొట్టం పట్టుకోవడం మానేశాడు. అప్పటినుంచీ గీసి చూపించేది ఆయన; ఊదేది, తిప్పేది, వంచేది ఇతరులు. ఆయన తనను నృత్యదర్శకుడితోనూ సినిమా దర్శకుడితోనూ పోల్చుకున్నాడు. ఈ పోలికను తేలిగ్గా కొట్టివేయకూడదు. దీని సంగతి మళ్ళీ చూద్దాం.

ముందుగా ఆ పని స్వభావమేమిటో తెలియాలి. ఇసుక, సోడా, సున్నం కలిపి కరిగించిన గాజు కొలిమిలో సుమారు వెయ్యినూరు డిగ్రీల వేడిమీద తేనెలా ఉంటుంది. బోలు ఇనపగొట్టం కొనను అందులో ముంచి తిప్పితే ముద్దగా చుట్టుకుంటుంది. తిప్పడం ఆపితే జారి నేలపాలవుతుంది. కాబట్టి ఒక చెయ్యి తిప్పుతూనే ఉండాలి. ఇంకో చెయ్యి తడిపిన వార్తాపత్రికల మడతతో ముద్దను నిమురుతూ ఆకారం తేవాలి. అవతల ఒకరు గొట్టంలోకి ఊదాలి. వేరొకరు చెక్కపలక అడ్డుపెట్టి పనివాడి చేతికి సెగ తగలకుండా కాయాలి. వేడి తగ్గితే మళ్ళీ కాచాలి. పూర్తయిన వస్తువును వేరే పొయ్యిలో పెట్టి గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చాలి. లేకుంటే లోపలి బిగువులకు తనంత తనే పగిలిపోతుంది. ఇందులో ఏ ఒక్కరు క్షణం ఏమరినా అందరి శ్రమా వ్యర్థం.

మార్క్సు ఈ సంగతి గమనించాడు. "పెట్టుబడి" మొదటి సంపుటంలో శ్రమవిభజనను గురించి చెబుతూ ఇంగ్లీషు సీసాల కొలిమిని ఉదాహరణగా తీసుకున్నాడు. కొలిమి ఒక్కొక్క నోటి దగ్గర అయిదుగురు పనివాళ్ళు: గాజు తీసేవాడు, ఊదేవాడు, సీసాకు రూపు తీర్చేవాడు, గొట్టం నుంచి విడదీసేవాడు, మోసుకుపోయేవాడు. ఆ అయిదుగురూ ఒకే శరీరానికి అవయవాల వంటివారనీ, ఒక్కడు లేకపోతే మొత్తం స్తంభించిపోతుందనీ ఆయన వివరించాడు. అదే గ్రంథంలో పనిదినం గురించిన అధ్యాయంలో గాజు కర్మాగారాల్లోని పిల్లల ప్రస్తావన ఉంది. నాలుగు దశాబ్దాలు గడిచాక 1908లో లూయీ హైన్ అమెరికా గాజు కార్ఖానాల్లో రాత్రిపూట పనిచేసే కుర్రాళ్ళ ఛాయాచిత్రాలు తీసినప్పుడు కూడా పరిస్థితి అదే. అటువంటి ఒక కార్ఖానాలో పదేళ్ళ వయస్సున పనిలో చేరిన మైకేల్ ఓవెన్సు పెద్దవాడై, టొలీడో నగరంలో సీసాలు తనంత తనే తయారు చేసే యంత్రాన్ని కనిపెట్టాడు. 1904లో దానికి పేటెంటు లభించింది. ఆ యంత్రం పిల్లలను కొలిమి దగ్గర నుంచి తప్పించింది. ఊదుపనివాళ్ళ జీవనోపాధినీ తప్పించింది. పెట్టుబడి ఒక చేత్తో చేసిన మేలుకు రెండో చేత్తో ధర వసూలు చేసుకుంది.

ఈ టొలీడో నగరంలోనే, ఓవెన్సుకు పెట్టుబడి పెట్టిన గాజు వ్యాపారి లిబ్బీ నెలకొల్పిన కళాప్రదర్శనశాల ఆవరణలో, 1962 మార్చిలో ఒక చిన్న శిబిరం జరిగింది. "స్టూడియో గాజు ఉద్యమం" అక్కడే ఆరంభమయిందని చరిత్రకారులు చెబుతారు. దానికి నాయకుడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కుండపని బోధించే హార్వీ లిటిల్టన్. కార్ఖానాతో నిమిత్తం లేకుండా కళాకారుడు తన సొంత చిన్న కొలిమిలో, తన చేతులతో, మొదటినుంచి చివరిదాకా గాజును రూపొందించుకోవాలన్నది ఆయన ఆశయం. దీనిలో నిజమైన ప్రగతిశీలాంశం ఉంది. ఊహించేవాడొకడు, చేసేవాడొకడు అన్న చీలికను అది ఒప్పుకోలేదు. అంతకు ముందు నమూనా గీసేవాడు కొలిమి దగ్గరికి పోనక్కర లేదు. కొలిమి దగ్గరివాడు నమూనాను ప్రశ్నించడానికి వీల్లేదు. లిటిల్టన్ ఆ రెంటినీ ఒక మనిషిలో కలపాలనుకున్నాడు.

అయితే ఆ శిబిరంలో ఏం జరిగింది? మొదటిసారి కరిగించిన గాజు పనికిరాలేదు. డొమినిక్ లబీనో అనే పరిశ్రమ నిపుణుడు ఫైబర్‌గ్లాసు తయారీకి వాడే గాజుగోళీలు తెచ్చి కరిగించమన్నాడు, కరిగాయి. కాని ఊదడం ఎవరికి వచ్చు? లిబ్బీ కార్ఖానాలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న హార్వీ లీఫ్‌గ్రీన్ అనే ముసలి ఊదుపనివాడు అక్కడికి వచ్చి, గొట్టం పట్టుకుని, ఎట్లా చెయ్యాలో చేసి చూపించాడు. "ఒంటరి కళాకారుడు" పుట్టిన ఆ కొలిమి దగ్గర మంత్రసాని ఒక కార్ఖానా కూలివాడు. ఉద్యమ చరిత్రల్లో లిటిల్టనుకు అధ్యాయాలుంటాయి, లీఫ్‌గ్రీనుకు వాక్యాలుంటాయి. పదిహేడేళ్ళ తరువాత, 1979లో, వాషింగ్టను రాష్ట్రంలోని పిల్చక్ పాఠశాలకు మురానో ద్వీపం నుంచి లీనో తల్యాపియేత్రా వచ్చి పాఠం చెప్పినప్పుడు మరోసారి రుజువయింది: అమెరికన్లకు ఊహలున్నాయి, చేతులకు చదువు లేదు. ఆ చదువు మురానోలో శతాబ్దాలుగా కొలిమి దగ్గర తరం నుంచి తరానికి అందుతూ వచ్చింది. వెనిస్ ప్రభుత్వం 1291లో గాజు కొలుములన్నిటినీ ఆ ద్వీపానికి తరలించింది. పనివాళ్ళు దేశం విడిచి పోకుండా కట్టుదిట్టాలు చేసింది. చేతిలోని విద్యను రాజ్యం తన ఆస్తిగా లెక్కగట్టిందన్నమాట.

ఇప్పుడు మన ప్రశ్నకు సాధారణంగా వచ్చే రెండు జవాబులను పరీక్షిద్దాం.

మొదటిది భావవాదుల జవాబు. సృష్టి అంతా మనస్సులో జరుగుతుంది. చెయ్యి ఉత్త పనిముట్టు. కాబట్టి ఊహించినవాడే కర్త. గాజు ముందు ఈ వాదం నిలవదు. కాగితం మీద గీసిన గీత చల్లనిది; గొట్టం మీద ముద్ద వేడిది. ఎప్పుడు ఊదాలో, ఎంత ఊదాలో, ఎక్కడ గాజును దాని బరువుకు దాన్ని వదిలేయాలో నిర్ణయించేది ఆ క్షణంలో ఆ చెయ్యి. ఈ నిర్ణయాలు కాగితంలో లేవు. ఉండడానికి వీల్లేదు. ఊహే చాలినట్లయితే టొలీడోలో లీఫ్‌గ్రీను అవసరం లేకపోయేది. చేతికి మెదడు లేదనుకునేవాళ్ళు ఎన్నడూ చేత్తో పని చెయ్యనివాళ్ళు.

రెండవ జవాబు మన శిబిరంలో ఎక్కువగా వినిపిస్తుంది. చేసినవాడిదే వస్తువు, ఊదినవాడే కర్త, చెప్పినవాడు పరాన్నభుక్కు. వినడానికి న్యాయంగా ఉంది. కాని ఊదినవాడంటే ఎవరు? అయిదుగురిలో ఊపిరి పట్టినవాడా? తిప్పినవాడా? సెగకు పలక అడ్డుపెట్టిన అమ్మాయా? కొలిమిని రాత్రంతా కాచినవాడా? ఇసుక తవ్వినవాడా? చేతినే ప్రమాణంగా పెట్టుకుంటే ఒక సంతకాన్ని చెరిపి మరో సంతకం పెట్టడమే అవుతుంది. అదీగాక, సమసౌష్ఠవం నుంచి గాజును తప్పించి, వేడికీ బరువుకూ లొంగి అది వంగిపోయిన తీరునే అందంగా చూపించడంలో చిహూలీ చేసిన పని అబద్ధం కాదు. అది శ్రమే. ఆ మనిషి లేకపోతే ఆ రూపాలు ఆ విధంగా వచ్చేవి కావు. నా సంగతికి వస్తే, ఆ ముప్ఫై పేజీల పీఠిక కూడా ఎవరో రాసి పెట్టింది కాదు.

చేతిపనిని ఆరాధించే ధోరణికి మరో బలహీనత ఉంది. పందొమ్మిదో శతాబ్దిలో విలియం మోరిస్ యంత్రం చేసే వికృత వస్తువులను అసహ్యించుకుని, చేతిపనిలోని ఆనందాన్ని కార్మికుడికి తిరిగి ఇవ్వాలనుకున్నాడు. ఆయన నిజాయితీ గల సోషలిస్టు. కాని ఆయన కార్ఖానాలో తయారైన చేతివస్తువులను కొనగలిగినవాళ్ళు ఎక్కువగా ధనికులే. స్టూడియో గాజుకూ అదే గతి పట్టింది. కార్ఖానా నుంచి విడిపోయిన కళాకారుడు సేకర్తల చేతుల్లోకీ గ్యాలరీల చేతుల్లోకీ వెళ్ళాడు. కొలిమి మారింది, మార్కెట్టు మారలేదు.

మరి దారి ఎక్కడ? ఇక్కడ కూడా మార్క్సే ఆధారం. సంగీత బృందానికి నిర్వాహకుడు అవసరమని ఆయన అంగీకరించాడు. నలుగురు కలిసి చేసే ఏ పనికైనా సమన్వయం చేసేవాడు కావాలి. అది ఉత్పాదక శ్రమే. అయితే "పెట్టుబడి" మూడవ సంపుటంలో ఇంకొక మాట కలిపాడు: ఆ నిర్వాహకుడు వాద్యాలకు యజమాని కానక్కర లేదు; వాయించేవాళ్ళ కూలిని నిర్ణయించడం అతని పనిలో భాగం కాదు. అంటే నిర్వహించడం వేరు, సొంతం చేసుకోవడం వేరు. పెట్టుబడిదారీ వ్యవస్థ చేసే గారడీ అంతా ఈ రెంటినీ ఒకే మనిషిలో కలిపి, మొదటిదాని గౌరవాన్ని చూపి రెండోదాని లాభాన్ని సమర్థించుకోవడంలో ఉంది.

సంతకం విషయంలోనూ ఇదే జరుగుతున్నది. సంతకం ఒకే గీతలా కనిపిస్తుందిగాని దానిలో మూడు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి సాక్ష్యం: ఇది ఎవరు, ఎట్లా చేశారన్న నిజం. రెండు గౌరవం: ఎవరిని మెచ్చుకోవాలన్న మాట. మూడు హక్కు: దీనివల్ల వచ్చేది ఎవరికి చెందాలన్న లెక్క. మొదటి శతాబ్దిలో సీదోను నగరపు ఎన్నియోన్ తన గాజుపాత్రల అచ్చులోనే "ఎన్నియోన్ చేశాడు" అని గ్రీకులో చెక్కించాడు. కొన్నిటి మీద కొన్నవాడు స్మరణీయుడు కావాలన్న మాట కూడా ఉంది. ఆ అచ్చులోకి ఊపిరి ఊదినవాళ్ళందరి పేర్లూ అందులో లేవు. రెండువేల ఏళ్ళ క్రితమే సంతకం సాక్ష్యంగా సగమూ, సరుకు ముద్రగా సగమూ ఉంది.

మూడో సంగతి ఎంత పదునైనదో 2005లో బయటపడింది. తనతో ఏళ్ళ తరబడి పనిచేసి బయటికి వెళ్ళిన ఒక ఊదుపనివాడి మీదా, మరొక గాజు కళాకారుడి మీదా చిహూలీ తన రూపాలను అనుకరించారని దావా వేశాడు. 2006లో అది రాజీతో ముగిసింది. ఎవరు ఎంత అనుకరించారో తేల్చడం నా పని కాదు. నన్ను ఆపింది వేరే విషయం. ఏళ్ళ తరబడి ఒక రూపాన్ని చేసిన చెయ్యి ఆ రూపాన్ని తనలోనే మోసుకుపోతుంది. దాన్ని యజమాని గుమ్మం దగ్గర విడిచి వెళ్ళడం ఎట్లా? వెనిస్ రాజ్యం మనిషినే కదలనివ్వకుండా చెయ్యజూసింది. నేటి చట్టం మనిషిని పోనిస్తుంది, అతని చేతిలోని రూపానికి సరిహద్దు గీస్తుంది. ఆ గీత ఎక్కడ పడాలన్నది న్యాయమూర్తుల ప్రశ్న మాత్రమే కాదు, శ్రమ చేసేవాళ్ళందరి ప్రశ్న.

ఇక సినిమా పోలిక. దర్శకుడి పేరు సినిమాకు పెద్దక్షరాల్లో ఉండడాన్ని మనం తప్పుపట్టం. ఎందుకంటే ఛాయాగ్రాహకుడి దగ్గర నుంచి దుస్తులు కుట్టినవాడి దాకా పేర్లు తెర మీద నడుస్తాయి. ఎవరు ఏం చేశారో చెబుతాయి. అక్కడ సాక్ష్యం గౌరవాన్ని మింగలేదు. కాబట్టి దర్శకుడినని చెప్పుకునే కళాకారుణ్ణి అడగవలసింది "నీ పేరెందుకు?" అని కాదు, "మిగతా పేర్లేవి?" అని. ఈ ప్రశ్న కొలిమి యజమానికీ తగులుతుంది, సంపాదకుడికీ తగులుతుంది.

ఇక్కడొక ఆక్షేపణ రావచ్చు. పేర్లు వేస్తే కడుపు నిండుతుందా? ఆక్షేపణ బలమైనదే. మనదేశంలో గాజుకు రాజధాని ఫిరోజాబాదు. అక్కడ కరిగిన గాజును తిరిగే కడ్డీకి చుట్టలుగా చుట్టి, కోసి, విడిపోయిన కొనలను ఇళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ దీపపు మంట మీద అతికిస్తారు. మోపుల లెక్కన కూలి. ఇక్కడికి దగ్గరలోనే తాజ్‌మహలు ఉంది. పొగవల్ల దాని పాలరాయి చెడుతున్నదన్న వ్యాజ్యంలో 1996 డిసెంబరు 30న సుప్రీంకోర్టు ఆ ప్రాంతపు పరిశ్రమలు బొగ్గు మానుకోవాలని తీర్పు చెప్పింది. గాజు కొలుములు సహజవాయువుకు మారాయి. మంచిదే. కాని ఆ పొగను తరతరాలుగా పీల్చిన ఊపిరితిత్తులు ఎంతకాలం అరిచినా వినబడలేదు, పాలరాయి పచ్చబడితే వినబడింది. మన ఊళ్ళూ దీనికి అతీతం కావు. 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీలో గాజులు తయారు చేసే ఇరుకుగదుల నుంచి పోలీసులు వందల మంది పిల్లలను విడిపించారు. ఎక్కువమంది బీహారు నుంచి తెచ్చినవాళ్ళు. అవి లక్కగాజులు. పదార్థం మారినా పసిచేతులు మారలేదు. ఆ పిల్లల పేర్లు గాజుల మీద చెక్కితే న్యాయం జరిగినట్టా? కాదు. వాళ్ళకు కావలసింది బడి, తిండి, అమ్మ ఒడి.

కనుక పేరు కూలికి బదులు కాదు. అయితే ఈ మాటను తిరగవేసి, కూలి ఇచ్చాం గనుక పేరెందుకు అనడం కూడా చెల్లదు. పేరు లేనిచోట బేరం లేదు. ఎవరు చేశారో తెలియనప్పుడు ఎవరికి ఎంత రావాలన్న ప్రశ్నే పుట్టదు. చిత్తూరు సీమలో శ్రీకాళహస్తి దగ్గర పాపానాయుడుపేటలో, కరిగిన గాజును సన్నని గొట్టాలుగా చేత్తో లాగి పూసలు చేసే అతి పురాతన పద్ధతి బతికి ఉన్నట్లు ఇరవయ్యో శతాబ్ది చివరి దశాబ్దాల్లో పరిశోధకులు నమోదు చేశారు. అటువంటి పూసలు దక్షిణ భారతం నుంచి ఆగ్నేయాసియాకూ ఆఫ్రికాకూ శతాబ్దాల తరబడి సముద్రాలు దాటాయి. ఆ పూసల పేరు మీద ప్రపంచంలో పుస్తకాలున్నాయి. తెలుగు విద్యార్థికి ఆ ఊరి పేరు పాఠంలో దొరకదు. మన సాహిత్య చరిత్రలో కూడా పూసలున్నాయి, పూస లాగిన చెయ్యి లేదు.

చరిత్రను మోసిన అనామకుల గురించి శ్రీశ్రీ వేసిన ప్రశ్న మనకందరికీ నోటికి వచ్చు. నోటికి వచ్చుననే ధీమాతో దాన్ని గతించిన రాజులమీదికి తోసి మనం తప్పుకుంటున్నాం. పాలంపేట గుడిని 1213లో కట్టించినవాడు రేచర్ల రుద్రుడని శాసనం చెబుతుంది. జనం మాత్రం దాన్ని రామప్ప గుడి అంటారు, అది శిల్పి పేరని చెప్పుకుంటారు. అది చారిత్రక సత్యమైనా కాకపోయినా, జనం తమ నోటితో ఒక శాసనాన్ని దిద్దారు. మరి మన కాలపు శాసనాలను ఎవరు దిద్దాలి? మన పుస్తకాల అట్టలు, మన సంఘాల నివేదికలు, మన పరిశోధన గ్రంథాలు, ఇవన్నీ శాసనాలే.

నేను కనుక్కున్న జవాబు ఇంతే. పదిమంది చేసిన పని పదిమందిదీ అవుతుంది. అయితే పదిమంది చేసిందీ ఒకటే పని కాదు. నిర్వహించినవాడు నిర్వహించానని చెప్పుకోవచ్చు. చేశానని చెప్పుకోరాదు. ఎవరెవరు ఏమేమి చేశారో వస్తువు మీదనే ఉండాలి. అది దయ కాదు, నిజం. నిజం చెప్పిన తరువాత గౌరవం తన దారి తాను చూసుకుంటుంది. హక్కు మాత్రం తనంత తాను రాదు. దానికి సంఘటితమయిన పోరాటం కావాలి. ఆ పోరాటానికి సాక్ష్యం మొదటి మెట్టు.

పాటల పుస్తకం రెండో ముద్రణకు సిద్ధమవుతున్నది. ఏడుగురి పేర్లూ అట్ట మీదికి వస్తున్నాయి. సంపాదకుడి పేరు వాటి కిందే. ఈ సంగతి ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె సంతోషించి, ఆపైన చేతిసంచిలోంచి పాత నోటుపుస్తకం ఒకటి తీసి చూపింది. ప్రతి పాట కింద పాడిన మనిషి పేరు, ఊరు, వయస్సు రాసి ఉన్నాయి. నలభై ఒక్క మంది. ముప్పాతిక మంది ముసలి కూలి ఆడవాళ్ళు. వర్గీకరించేటప్పుడు ఆ పేర్లను అనవసరమని తీసేసింది నేనే. అవీ ఇప్పుడు పుస్తకంలోకి వెళుతున్నాయి.

ఒక లెక్క మాత్రం తేలలేదు. మొదటి ముద్రణ నా పదోన్నతి దరఖాస్తులో చేరింది, మార్కులు వచ్చాయి, జీతం పెరిగింది. ఆ నలభై ఒక్క మందిలో ఎవరి కూలీ పెరగలేదు. దీన్ని అచ్చుతప్పులాగా రెండో ముద్రణలో సవరించుకోవడానికి వీల్లేదు. అందుకే అది ఇక్కడ రాస్తున్నాను.